ఊదా పగడం

మలంచా, ఖరగ్‌పూర్
జనవరి 12

ప్రియమైన డయానాకు,

మామ్మ దీవెనలు. నువ్వు చెన్నై చేరి రెండు వారాలైంది. ఈ రెండు వారాల్లో మనం ఫోనులో మాట్లాడుకున్నదంతా కలిపి రాస్తే నాలుగు మాటలు తేలాయి: తిన్నావా, తిన్నాను, ఉంటాను, ఉండు. అందుకే నువ్వు వెళ్ళేముందు ఒప్పుకున్న ప్రకారం ఉత్తరాలు మొదలుపెడుతున్నాను. ముప్పై ఒక్క సంవత్సరాలు ఈ ఊళ్ళో రైల్వే పిల్లలకు తెలుగు చెప్పాను. సొంత మనవరాలితో నవ్వే ముఖాల బొమ్మలు పంపుకుంటూ కాలక్షేపం చేయలేను. జవాబు తెలుగులో రాయి. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపుతాను.

నీ ఉప్పునీటి చేపల ట్యాంకు సంగతి. నువ్వు గోడకు అంటించి వెళ్ళిన కాగితంలో ఉన్నవన్నీ చేస్తున్నాను. పొద్దున్నే ఆవిరైపోయినంత మంచినీళ్ళు పోయడం, సాయంత్రం చిటికెడు మేత వేయడం, ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఒక బకెట్టు పాత నీళ్ళు తీసి కొత్తగా ఉప్పు కలిపిన నీళ్ళు పోయడం. మీ నాన్నతో కలిపి నలుగురు పిల్లల్ని పెంచాను. అప్పుడు నాకు గోడకు కాగితం అంటించినవాళ్ళు లేరు. పిల్లల ఒంట్లో ఉప్పెంత ఉందో మీటరు పెట్టి చూడమన్నవాళ్ళూ లేరు.

ఇక ఫోటోలు. నువ్వు చెప్పినట్టే గదిలో దీపాలు ఆర్పి, కిటికీలు మూసి, అద్దం తుడిచి, పగడాలు ఊగకుండా పంపు ఆపాను. నా తెల్లచీర అద్దంలో పడి చేపల మధ్య దెయ్యం తిరుగుతున్నట్టు వచ్చింది. అందుకని మీ తాతయ్య టీసీగా ఉన్నప్పటి నల్లకోటు పెట్టెలోంచి తీసి తొడుక్కున్నాను. ఆ కోటుతో వెళ్ళి ముందు నిలబడేసరికి నీ నారింజ చేపలు రెండూ టికెట్టు లేనివాళ్ళలా రాళ్ళ వెనక్కి జారుకున్నాయి. మొత్తం పదకొండు తీసి ఫోనులో పంపాను. అన్నీ నీలిమందు బకెట్టులో ముంచి ఆరేసినట్టున్నాయి. తప్పు నాదో ఫోనుదో నువ్వే తేల్చు. పంపు మళ్ళీ వేశాను, భయపడకు.

చేతకాకపోతే ఇందా బజారులో రంగుచేపల దుకాణం నడిపే ఏబెల్‌కు ఒక్కమాట చెప్పమన్నావు, వచ్చి మొత్తం పట్టుకుపోతాడన్నావు. నువ్వు అక్కడ ఉండేది ఆరు నెలలే కదా. డెబ్బై ఆరేళ్ళు మోసుకుంటూ వచ్చినదాన్ని, ఇంకో ఆరు నెలలు బకెట్టు మోయలేనా? నీ ఊదా పగడాన్ని నీకు అప్పగించాకే చేతులు కడుక్కుంటాను.

నీ మేలు కోరే,
మామ్మ జ్ఞానరత్నం

*

చెన్నై
జనవరి 21

ప్రియమైన మామ్మకు,

వందనాలు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నల్లకోటు సంగతి దుకాణంలో చదివి వినిపిస్తే మా ఓనరు, ఫోటోలు తీసే వాళ్ళందరూ ఇకమీదట నల్లచొక్కాలే వేసుకురావాలని రూలు పెట్టారు. నీ పేరు చెప్పి అందరూ నన్ను తిట్టుకుంటున్నారు.

ఫోటోలు నీలంగా రావడం నీ తప్పు కాదు మామ్మా. పగడాల మీద వేసే దీపాల్లో నీలం ఎక్కువ. మన కన్ను దానికి సర్దుకుంటుంది, ఫోను సర్దుకోదు. ఇక్కడ నా పనంతా అదే. మా దుకాణం వాళ్ళు జనాల ఇళ్ళల్లో సముద్రం ట్యాంకులు కట్టిస్తారు. నేను వెళ్ళి వాటిని ఫోటోలు తీస్తాను. ముందు కంటితో చూసి ఏ పగడం ఏ రంగో పుస్తకంలో రాసుకుంటాను. తరువాత కంప్యూటరులో ఫోటోని ఆ రంగుకి తెస్తాను. మాకు చెప్పిన మొదటి పాఠం ఇది: ఫోటో అబద్ధం చెప్తాది, కన్ను చెప్పదు.

అందుకని నువ్వు నెలకోసారి ఫోటో పంపి, ఉత్తరంలో ఒక్కొక్కదాని రంగు రాస్తే చాలు. నీ మాట పట్టుకుని నేను ఇక్కడ సరిచేసుకుంటాను. మన ఊరి ఇండస్ట్రియల్ పార్కులో మొదటి జీతం అందుకున్న రోజు ఆ ఊదా పగడాన్ని వేలెడంత ముక్కగా తెచ్చాను కదా. ఏడేళ్ళలో ఒక్క నెల కూడా దాని ఫోటో తప్పలేదు. ఇప్పుడు తప్పిపోతే ఏటోగా ఉంటాది.

నీ మోకాళ్ళు ఎలాగున్నాయి? బకెట్టు సగం సగం మొయ్యి.

నీ
డయానా

*

మలంచా
ఫిబ్రవరి 17

ప్రియమైన డయానాకు,

నీ ఉత్తరంలో తొమ్మిది తప్పులు. దిద్ది దీంతో పంపుతున్నాను. ‘ఏటోగా’ అన్నది మాత్రం దిద్దలేదు. అది తప్పు కాదు, మన ఊరు.

రంగులు అడిగావు. ఆకుపచ్చ గుత్తి ఆకుపచ్చగానే ఉంది. బొత్తాల్లాంటివి ఎర్రగా ఉన్నాయి. నారింజ చేపలు నారింజగా, బలిసి ఉన్నాయి. ఇక చిన్న నీలం చేప బూడిదరంగుకు దిగింది. నీ ఊదా పగడం గురించి రాయడానికి కలం కదలడం లేదు. పది రోజులుగా చూస్తున్నాను. పాలు తక్కువైన చాయ్‌లా అయిపోయింది.

నువ్వు పెట్టెలో పెట్టి ఇచ్చిన ఆ నీటి పరీక్ష కూడా చేశాను. గాజు గొట్టంలో చుక్కలు వేసి, వచ్చిన రంగును అట్ట మీద గళ్ళతో పోల్చమని కదా. ఆ అట్ట ఎవరు అచ్చువేశారో గాని, ఆరు గళ్ళలో నాలుగు ఒకే చాయ్. ఇలాంటి అచ్చు పనికి మా స్కూల్లో అయితే ప్రశ్నపత్రం వెనక్కి పంపేవాళ్ళం.

పక్కింటి సుజాతమ్మను పిలిచి చూపించాను. “బాగానే ఉన్నాది కదండీ” అంది. ఆవిడ మాటకు విలువ కట్టలేం. ఆవిడ తన అల్లుణ్ణి కూడా బాగానే ఉన్నాడంటుంది.

నాకేమీ జబ్బు లేదు. ఒట్టి విసుగు. బైబిలు రెండు పేజీలు చదివేసరికి కళ్ళు మూతపడుతున్నాయి. ముందుగదిలో బల్బు రెండుసార్లు మార్పించాను. ఇప్పటి బల్బుల్లో పసలేదు. సాయంత్రం నాలుగింటికే ఇల్లు మాసిన దుప్పటి కప్పుకున్నట్టుంటోంది.

పగడానికి ఏం చేయాలో రాయి. నా చేతిలో పెట్టి వెళ్ళావు, అది నా చేతిలో పోకూడదు.

మామ్మ

*

చెన్నై
ఫిబ్రవరి 26

ప్రియమైన మామ్మకు,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి పనిమీద మనసు లేదు. ఊదా పగడం గోధుమరంగుకి తిరిగిందంటే మా లెక్కలో కారణాలు రెండే. నీళ్ళల్లో మురికి చేరాలి, లేదా వెలుతురు చాలకపోవాలి. ఫోనులో వచ్చిన నీలం ఫోటో చూసి నేనేమీ చెప్పలేను. నీ కన్నే నాకు ఆధారం. అందుకని రెండిటికీ వైద్యం చేద్దాం. నీళ్ళు వారానికి ఒకసారి కాదు, రెండుసార్లు మార్చు. మేత సగం చెయ్యి. ట్యాంకు మీద దీపానికి పక్కన చిన్న చక్రం ఉంటుంది, దాన్ని రెండు గీతలు పైకి తిప్పు. నెల తిరిగేసరికి రంగు రావాలి.

ఇంకో మాట. ఇది అడగడానికి నాకు మొహం లేదు. ఇక్కడ ఆరు నెలలు అన్నది ఏడాది చేశారు. డిసెంబరు దాకా నన్ను కదలనివ్వరు.

నీకు చేతకాకపోతే ఏబెల్‌కి ఇచ్చెయ్యి మామ్మా. నేనేమీ అనుకోను. అనుకున్నా నీతో చెప్పను.

నీ
డయానా

*

మలంచా
మార్చి 24

ప్రియమైన డయానాకు,

నువ్వు రాసినవన్నీ చేశాను. వారానికి రెండు బకెట్లు నిండుగా మోస్తున్నాను. సగం సగం మోస్తే నాలుగుసార్లు వంగాలి, ఆ లెక్క నువ్వు చూసుకోలేదు. మేత సగం చేశాను. చేపలు నన్ను చూసే చూపులో గౌరవం కూడా సగమైంది. చక్రం రెండు గీతలు తిప్పాను. ఎంతకీ వెలుగు పెరిగినట్టు లేకపోతే మూడో గీత నేనే తిప్పాను.

పగడం అలాగే ఉంది. చాయ్ ఇంకా చిక్కబడింది.

చర్చిలో కూడా తగువు పెట్టుకున్నాను. ఈస్టరుకు ముందు లెంటు దినాలు మొదలయ్యాయి కదా, ప్రభువు బల్ల మీద పరిచే ఊదాగుడ్డ పాతదైందని స్త్రీల సమాజం వాళ్ళు కొత్తది కుట్టించారు. కుట్టింది సుజాతమ్మ. చూస్తే గోనెసంచి రంగు. ఊరుకోలేకపోయాను. అందరి ముందూ, “సుజాతా, ఊదా అంటే ఏ రంగో నీకు స్కూల్లో నేనే కదా చెప్పినాను, అప్పుడు నిద్రపోయినావా?” అని అడిగాను. ఆవిడ గుడ్డ బల్ల మీద సర్ది వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మా గుమ్మం తొక్కడం లేదు. నిజం చెప్పేవాళ్ళకు చుట్టాలుండరు.

మొన్న శనివారం ఏబెల్‌ను పిలిచాను. పగడం చచ్చిపోతోంది, పూర్తిగా పోకముందే తీసుకుపొమ్మని చెప్పాను. రెండు పెద్ద టబ్బులతో, ఆటోతో వచ్చాడు. ట్యాంకు ముందు కూర్చుని చాలాసేపు చూశాడు.

“ఏటి మామ్మా, సచ్చిపోతంది అని పిలిసినావు? ఇది నాకన్నా బాగున్నాది,” అన్నాడు. “కొనలే కొంచెం తెల్లబడినాయి, అంతే.”

“గోధుమరంగు కనబడటంలేదా నీకు?”

“ఎక్కడ మామ్మా?”

వేలు పెట్టి చూపించాను. నన్ను చూశాడు, పగడాన్ని చూశాడు. తన ఫోనుకు చిన్న పసుపు అద్దం ఒకటి తగిలించి, ఫోటో తీసి నీకు పంపుతున్నానన్నాడు. ఆ పసుపు అద్దం పెడితే ఫోను కూడా నిజమే చెబుతుందట. బాగున్న ట్యాంకును పట్టుకుపోతే డయానా తనను బతకనివ్వదని, ఖాళీ టబ్బులతోనే వెళ్ళిపోయాడు. ఆటోకు రానుపోను దండగ.

సుజాతమ్మ బాగుందంటుంది. ఏబెల్ బాగుందంటాడు. ముసలిదాన్ని ఊరడించడం ఈ ఊరివాళ్ళకు ఒక పుణ్యకార్యం అయింది. నాకు ఊరడింపు వద్దు డయానా. నా చేతిలో నీ ఏడేళ్ళ వస్తువు పోతోంది, దాన్ని రోజూ నేను చూస్తున్నాను. లేస్తూనే ఆ గదిలోకి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు. ఈస్టరు మర్నాడు సోమవారం వచ్చి తీసుకుపోవాలని ఏబెల్‌కు గడువు పెట్టాను. అప్పటికి ఏం మిగిలితే అది తీసుకుపోతాడు.

మామ్మ

*

చెన్నై
మార్చి 31

ప్రియమైన మామ్మకు,

ఏబెల్ అన్న తీసిన ఫోటో చేరింది. కాగితం మీద వేయించి రెండు పంపుతున్నాను. వెనకాల ఒకటి, రెండు అని రాశాను. పగటిపూట వరండాలో కూర్చుని రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడు. రెండిటికీ తేడా ఏమిటో రాయి. ఇంకేమీ అడగకు, ఇదొక్కటి చెయ్యి.

దీపం చక్రాన్ని ఈ రోజే మూడు గీతలూ కిందికి తిప్పెయ్యి.

నీ
డయానా

*

మలంచా
ఏప్రిల్ 7

ప్రియమైన డయానాకు,

చక్రం తిప్పాను. ఎందుకో నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు.

నువ్వు పంపినవి రెండు ఫోటోలు కావు, ఒకే ఫోటో రెండుసార్లు. వరండాలో చూశాను, పిట్టగోడ దగ్గర నిలబడి చూశాను, కళ్ళజోడు తుడిచి చూశాను. రెండోది వీసమెత్తు మసగ్గా ఉంది. అచ్చువేసినవాడి సిరా తక్కువై ఉంటుంది. రెండిటిలోనూ పగడం చాయ్ రంగే. పోనీలే, ఇప్పటికైనా నేను అబద్ధమాడటం లేదని నీకు తెలిసింది. ఆ పసుపు అద్దం కూడా నా మాటే చెప్పింది.

పరీక్ష పెడితే మార్కులు కూడా పంపాలి. అది ఉపాధ్యాయ ధర్మం.

మామ్మ

*

చెన్నై
ఏప్రిల్ 13

ప్రియమైన మామ్మకు,

ఇది ఫోనులో చెప్పాలని మూడుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. ఫోనులో అయితే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు. ఇది చివరిదాకా చదువు.

ఒకటో ఫోటో ఏబెల్ తీసింది తీసినట్టే. అందులో పగడం ఊదాగా ఉంది మామ్మా. ఏడేళ్ళలో ఎప్పుడూ లేనంత ఊదాగా ఉంది. దుకాణంలో ఎవరిని అడిగినా ఊదా అనే అన్నారు.

రెండోది నేను చేసింది. నీ ఉత్తరాలు కంప్యూటరు పక్కన పరుచుకుని కూర్చున్నాను. నా పనే అది కదా, రాసిన రంగుకి ఫోటోని తేవడం. పాలు తక్కువైన చాయ్ అన్నావు, ఊదా మొత్తం తీసేశాను. నీలం చేప బూడిద అన్నావు, నీలం తీసేశాను. బల్బులో పసలేదన్నావు, వెలుతురు తగ్గించాను. నాలుగింటికే మాసిన దుప్పటి అన్నావు, దాన్ని కూడా కప్పాను. అంతా అయ్యాక వెనక్కి జరిగి చూశాను. నువ్వు ఇన్ని నెలల్నుంచి ఉంటున్న ఇల్లు అది. అందులో కూర్చుని నువ్వు బల్బులు మార్పిస్తున్నావు.

ఆ రెండు ఫోటోలూ నీకు ఒకటే అన్నావు. ఇక్కడ కళ్ళ డాక్టరుకి చూపించి అడిగాను. కళ్ళల్లో శుక్లాలు ముదిరితే పసుపు అద్దంలోంచి చూసినట్టు ఉంటాదట, ముందు పోయేవి నీలం, ఊదాలేనట. మెల్లిగా పోతాయి కాబట్టి పోతున్నట్టు తెలియదట.

సుజాతమ్మ ఆంటీకి కూడా ఫోను చేశాను. చర్చి గుడ్డ ఊదాయే. “టీచరుగారితో వాదించడం నాకు చిన్నప్పట్నుంచీ రాదు” అని ఊరుకుందట.

పగడానికి రోగం లేదు. లేని రోగానికి వైద్యం చేసింది నేను. దీపం పెంచమన్నది నేను. ఏబెల్ చూసిన ఆ తెల్ల కొనలు నేను కాల్చినవి. నీ కన్ను అబద్ధం చెప్పదని నీకు పాఠం చెప్పి, ఆ పాఠం పట్టుకుని నెలన్నర నీ చేత రెట్టింపు బకెట్లు మోయించాను.

సెలవు ఇవ్వం అన్నారు. ఇవ్వకపోయినా వస్తున్నానని చెప్పాను, అప్పుడు ఇచ్చారు. మే మొదటి వారంలో వస్తాను. ఆస్పత్రికి ఇద్దరం కలిసి వెళ్దాం. ఏబెల్‌ని రావద్దని నేనే చెప్పాను.

నీ
డయానా

*

మలంచా
జూన్ 9

నా బంగారు డయానాకు,

నువ్వు బండెక్కి నెల అవుతోంది. నువ్వుండగా ఆపరేషనైన కుడికన్నులో చుక్కల మందు ఇంకా వేసుకుంటున్నాను. ఎడమకన్నుకు ఆగస్టులో అన్నారు. నీ ఏప్రిల్ ఉత్తరంలో రెండే తప్పులు. అప్పుడు దిద్దలేదు. ఆ ఉత్తరం చదివిన రోజు ఎర్రసిరా సీసా ముట్టుకోలేదు.

ఇప్పుడు నాకు రెండు ఇళ్ళు. ఎడమకన్ను మూస్తే ఒకటి, కుడికన్ను మూస్తే ఒకటి. నువ్వు పంపిన రెండు ఫోటోలూ మళ్ళీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండోదాన్ని చూసి భయపడ్డాను. అందులో ఉన్నప్పుడు భయం వేయలేదు. అదే విచిత్రం.

సుజాతమ్మ ఇంటికి నేనే వెళ్ళాను. గుడ్డ ఊదాయేనని, కుట్టు మాత్రం వంకరని చెప్పాను. ఆవిడ నవ్వి కాఫీ ఇచ్చింది. క్షమాపణ ఇంతకన్నా తిన్నగా చెప్పడం నాకు రాదు.

ట్యాంకు లెక్క ఇది, ఈసారి నమ్ము. నాలుగు కొనలు తెల్లబడ్డాయి. రెండు మళ్ళీ రంగు తెచ్చుకుంటున్నాయి, రెండు పోయాయి. వాటిమీద నాచు పట్టింది. అందులో ఒకటి నీ రెండు గీతలది, ఒకటి నా మూడో గీతది. సమానంగా పంచుకుందాం. మిగతాదంతా బాగుంది.

ఇక అసలు సంగతి. రాయడానికి వారం పట్టింది.

పగడం పోతోందని అనుకున్నప్పుడు నాకు బాధ కలిగింది. అది నీకు రాశాను. ఆ బాధ పక్కనే ఇంకొకటి కూడా ఉండేది, అది రాయలేదు. ఇది పోతే ఇక బకెట్టు మోయక్కర్లేదు అన్న మాట. ఏబెల్‌ను పిలిచినప్పుడు చచ్చిపోతోందని చెప్పి పిలిచాను. నాకు చేతకావడం లేదని చెప్పి పిలవలేదు. వస్తువుకు రోగమైతే ఎవరైనా అప్పగించవచ్చు. నాకు అలసటైతే అప్పగించడానికి నోరు రాలేదు. మొదటి ఉత్తరంలో గొప్పలు పోయాను కదా, డెబ్బై ఆరేళ్ళు మోశానని. ఆ గొప్పే అడ్డం వచ్చింది.

కన్ను బాగైతే మామ్మ మళ్ళీ మామూలు మనిషి అవుతుందని నువ్వు అనుకుంటున్నావు. వెళ్ళేటప్పుడు నీ ముఖంలో చూశాను. ఇప్పుడు ముఖాలు కూడా కనబడుతున్నాయి నాకు. డాక్టరు తీసింది పొర ఒక్కటే. డెబ్బై ఆరేళ్ళను ఆయన తీయలేదు. రంగులొచ్చాయి, మోకాళ్ళు రాలేదు. ఆదివారం ఉదయం లేస్తే నాకు మొదట గుర్తొచ్చేది ప్రభువు కాదు, ఆ బకెట్టు. అది నాకు సిగ్గుగా ఉంది.

కాబట్టి ట్యాంకును ఏబెల్‌కు ఇస్తున్నాను. ఈసారి చచ్చిపోతోందని కాదు, బతికి ఉందని ఇస్తున్నాను. నేనే ఇందా వెళ్ళి చెప్పాను. “అలిసిపోయినాను నాయనా, తీసుకెళ్ళు,” అన్నాను. “ఈ ముక్క అప్పుడే అంటే టబ్బులు ఖాళీగా మోసుకుపోదునా మామ్మా,” అన్నాడు. దుకాణంలో ముందు వరసలో పెడతాడట, అమ్మడట. నెలాఖరున వస్తాడు. నీకు వద్దనిపిస్తే అంతలోపు రాయి. వద్దని రాస్తే మాత్రం ఆ ఉత్తరంతోపాటు బకెట్టు మోసే మనిషిని కూడా పంపాలి.

నిన్న దాని జూన్ నెల ఫోటో తీశాను. ఏబెల్ దగ్గర పసుపు అద్దం అడిగి తెచ్చుకున్నాను. దీపాలు ఆర్పాను, కోటు తొడుక్కున్నాను, పంపు ఆపి నీళ్ళు నిలిచేదాకా ఆగాను. చేపలు వెళ్ళలేదు, అలవాటు పడ్డట్టున్నాయి. ఎడమకన్ను మూసుకుని చాలాసేపు చూశాను. నువ్వు ఊదా ఊదా అంటావు గాని అది ఒక రంగు కాదు. మొదలు దగ్గర మాగిన నేరేడుపండు. కొమ్మల మధ్య వంకాయ పువ్వు. కొనలకు వెళ్ళేసరికి, ఉతికి ఉతికి వెలిసిన నా పెళ్ళి రవిక. ఏడేళ్ళు అది మన ముందుగదిలో ఉంది. నేను దాని పక్కనుంచి చీపురు పట్టుకుని తిరిగాను.

ఫోటో ఫోనులో పంపాను. చూసి దాచుకో. దాన్ని కంప్యూటరులో పెట్టి సరిచేయవద్దు. అది నేను చూసిన రంగే.

అలసిన, నీ
మామ్మ జ్ఞానరత్నం